కంప్యూటర్ని లేపిన మేక

రాష్ట్రం రెండై, మన వాటాకు వచ్చినదానికి రాజధాని ఎక్కడో ఇంకా తేలని రోజులవి. మార్కాపురంలో నా ఫ్లెక్సీల దుకాణానికి మాత్రం అప్పుడే మంచి గిరాకీ. వచ్చినవాళ్ళంతా రాష్ట్రం పటం వేయమనేవాళ్ళు. తీరా వేస్తే, "సగమే వేసినావేంది? మిగతా సగం ఎలక కొట్టిందా?" అని పోట్లాటకు దిగేవాళ్ళు. పాత పటం వేస్తే ఒకరికి కోపం, కొత్తది వేస్తే ఇంకొకరికి దిగులు. చివరికి పటం మానేసి రెండు పావురాలు వేసి పంపడం మొదలుపెట్టాను. పావురాల సరిహద్దుల గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా గురించి ఒక ముక్క ముందే చెప్పాలి. నేను చెప్పే కబుర్లలో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేస్తే నిజం దొరుకుతుందని మా ఆవిడ లెక్క. నల్లమల పులి ఒకటి దోర్నాల దగ్గర బస్సెక్కి, ముసలామెకు సీటిచ్చి నిలబడే వచ్చిందని ఒకసారి చెప్పాను. అందులో బస్సు నిజం. ముసలామె కూడా నిజమే. ఆ లెక్కన ఇప్పుడు చెప్పబోయేది విన్నవాళ్ళు మొట్టమొదట మేకను అబద్ధమని కొట్టేస్తారు. ఇందులో మేకే నిజం.

తర్లుపాడు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఒకాయన ఉన్నాడు. నాకు చుట్టం కాడు గాని వరస కలుపుకున్నాం. నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. మా ఆవిడ నాయనా అంటుంది. అందువల్ల మా ఇంట్లో తగాదా జరిగినప్పుడు ఆయన గనక దుకాణంలో ఉంటే తీర్పు ఏ పక్షమో వినకుండానే చెప్పొచ్చు.

ఆ మామకు ఒక్క చెల్లెలు. పెద్దారవీడులో ఇచ్చారు. అంతకు కొన్నేళ్ళ ముందు ఆమె ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకుంటే, బావగారు గుమ్మం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో మొదటి వరసలో, కళ్ళజోడుతో, గుమ్మడికాయంత మొహంతో నవ్వుతున్నది పామూరులో దుకాణం ఉన్న, ఈ అన్నాచెల్లెళ్ళ పినతండ్రి కొడుకు. సొంత అన్న అయిన మా మామ మూడో వరసలో, చివర, నిమ్మకాయంత. దానిమీద 'స్వాగతం'లోని సున్న పడి ఒక కన్ను కూడా పోయింది. మామ బస్సు దిగి, దూరం నుంచే దాన్ని చూసి, చంకలో ఉన్న పొట్టేలుపిల్లతో సహా అదే బస్సెక్కి వెనక్కి వచ్చేశాడు. అప్పటినుంచి రాకపోకల్లేవు.

ఇప్పుడు చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించాలి. ఇన్నేళ్ళకు చెల్లెలే ఫోన్ చేసింది.

"నువ్వు రాకపోతే పామూరు తమ్ముడి ఒళ్ళో కూచోబెడతా. తర్వాత నన్ననొద్దు."

"వస్తా," అన్నాడు మామ. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. "నేను వచ్చినట్టు ఊరందరికీ తెలిసేటట్టు వస్తా. నీ గుమ్మం ముందు నా ఫ్లెక్సీ కడతా. ఫ్లెక్సీ లేకుండా మా బావ గడప తొక్కను," అని కూడా అన్నాడు.

ముహూర్తం దసరా మరుసటి రోజు, సాయంత్రం దీపాలు పెట్టకముందు.

ఫ్లెక్సీ తయారుచేయించుకోవడానికి మామ పండగకు ముందే వచ్చాడు. నా అనుభవంలో ఫ్లెక్సీకి వచ్చిన ప్రతి మనిషీ ఒక్కటే మాట అంటాడు: నా మొహం ఇంకొంచెం పెద్దది చెయ్యి. మామ అట్లా అనలేదు.

"పాప బొమ్మ పెద్దగా వెయ్యి. పక్కన మా చెల్లెలు, బావ. కింద యాడన్నా నేను. నిమ్మకాయంత చాలు."

"మళ్ళీ నిమ్మకాయేనా మామా?"

"ఈసారి నేను పెట్టించుకుంటన్నా గదా. ఎవురన్నా పెడితేనే తప్పు."

"మరి అన్నిటికంటే ముందర ఎవరు?"

"మేక," అన్నాడు మామ, ఇది కూడా తెలియదా అన్నట్టు.

మందకు ముందు నడిచే మేక అది. మెడలో గంట. గొర్రెలు ఎన్నున్నా వాటికి దారి తెలియదు, మేక ఎటు పోతే అటే. దాన్నే చెల్లెలి బిడ్డకు కానుకగా తీసుకుపోతున్నాడు. "మందను నడిపించేదాన్ని ఇచ్చేస్తావా మామా?" అంటే, "చెల్లెలికి గదా," అన్నాడు. మేకను గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశాను. కెమెరా వైపు సూటిగా చూసిన కస్టమర్ నా జీవితంలో అదొక్కటే.

బొమ్మ పూర్తయింది, కంప్యూటర్లో భద్రంగా ఉంది. ఇక దాన్ని పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని, మా వీధి చివర పెద్ద ప్రింటింగ్ మిషన్ ఉన్నాయన దగ్గరికి తీసుకుపోతే చాలు. మిషన్‌కు పండగ సెలవు కాబట్టి, దసరా మరుసటి రోజు పొద్దున అనుకున్నాం.

ఈలోపు దసరా వచ్చింది. ఆయుధపూజ. పూజ విషయంలో మా ఆవిడకు కొన్ని చట్టాలున్నాయి. పనిముట్లన్నీ ఆ రోజు తమ తమ యజమాని దగ్గరే ఉండాలి, ఒంటరిగా ఉండకూడదు. కత్తెర గుడ్డ దగ్గర, స్కేలు బల్ల మీద, కెమెరా దాని సంచిలో. కంప్యూటర్ డబ్బాకు పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ పెట్టి, పసుపుతాడు చుట్టి, వెనకవైపు అంతా కప్పేసేలా బంతిపూల దండ వేసింది. గట్టి చట్టం ఇంకొకటి ఉంది: శుక్రవారం దాకా పూలు ముట్టకూడదు.

"పని చేసుకోవద్దా?" అన్నాను.

"స్విచ్చి నొక్కుకో. పూలు ముట్టినావంటే మాత్రం నీ చెయ్యి నీది కాదు."

"నా పెన్ డ్రైవ్ యాడ పెట్టినావు?"

"పూజలోనే ఉండాది. తీసిస్తాలే."

పూజలో అంటే పీట మీద పూల కుప్పలో కాబోలు అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే మామ దిగాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త తలగుడ్డ, చేతిసంచిలో పాపకు పట్టు గౌను, వెనక మేక. మేకను దుకాణం షట్టర్ కాలికి కట్టేసి స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన టీకొట్టు అక్క మూడు గ్లాసులు తెచ్చింది. ఆమె మూడోది ఎప్పుడూ తనకోసమే తెచ్చుకుంటుంది, నా కబుర్లకు టికెట్ అదే.

స్విచ్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. కుంకుమ కొంత నా మొహాన పడింది. తెర నల్లగా అయ్యి, దానిమీద ఒక్క తెల్లని వరస వచ్చి నిలబడిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు అని దాని భావం.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

"ఏందల్లుడా, ఇంకా నిద్ర లేవలా?" అన్నాడు మామ.

డిస్కు పోయుంటే, బొమ్మ పోయినట్టే. పండగ మరుసటి రోజు ఊళ్ళో బొమ్మ వేసే ఇంకో దుకాణం తెరిచి లేదు. మామ మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. నిజం చెప్పబుద్ధి కానప్పుడు నేనేం చేస్తానో అందరికీ తెలుసు.

"ఇది ఒక్కసారే లేవదు మామా, మెట్టుమెట్టుగా లేస్తుంది. నువ్వు పొద్దున్నే మందను ఎట్ల లేపుతావు? గొర్రెలన్నిటినీ పేరుపేరునా పిలుస్తావా?"

"మేక గంట కదిలిస్తే సాలు. అది లేస్తాది, దాన్ని చూసి ఇంకోటి. అట్ల అన్నీ."

"ఇదీ అంతే. దీని లోపల ఒక కాపలావాడున్నాడు."

"వచ్చినాడ్రా నాయనా," అంది అక్క. "వాడూ పులితోపాటు బస్సులోనే వచ్చినాడా?"

"నవ్వొద్దక్కా. మదర్‌బోర్డు మీద చిన్న చిప్పులో ఉంటాడు. గుండీ అంత బ్యాటరీ ఒకటి పెడితే ఏళ్ళ తరబడి అదే చప్పరిస్తూ బతుకుతాడు. కరెంటు రాగానే ముందు వాడి ఒళ్ళు వాడు తడుముకుంటాడు. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా. అన్నీ ఉంటే లేచి బయలుదేరతాడు. వాడికి పెద్దగా చదువు లేదు. ఏ గడప ముందు తట్టాలి, ఏది తర్వాత, అంతే తెలుసు."

ఇదంతా నేను కల్పించింది కాదు. నెల ముందు గిద్దలూరు నుంచి ఒక మెకానిక్ వచ్చి దీనికి కొత్తగా సిస్టమ్ ఎక్కించిపోయాడు. పని చేస్తున్నంతసేపూ పాఠం చెప్పాడు. నేను కాపలావాణ్ణి మాత్రమే చేర్చాను.

"ఒక్కో గడప దగ్గర ఒక చిన్న పలక వేలాడుతూ ఉంటుంది. దానిమీద ఐదు వందల పన్నెండు అక్షరాలకు మించి పట్టవు."

"మన ఊరి పలకైతే ఇంకా పడతాయి," అంది అక్క. ఆమె పెనిమిటి పలకల ఫ్యాక్టరీలో పని.

"ఇది ఇరుకు పలక. కింద ఒక ముద్ర ఉంటుంది. ముద్ర కనబడితే చాలు, కాపలావాడు పలక మీదున్నది ఉన్నట్టు చేస్తాడు. దానిమీద ఏముంటుంది? రెండోవాడు ఎక్కడ పండుకున్నాడో, వాణ్ణి ఎట్ల లేపాలో. ఆ రెండోవాడు కొంచెం పెద్దవాడు. డిస్కులో గదులన్నీ తెలుసు. వాడు పోయి పెద్దాయన్ను లేపుతాడు. పెద్దాయన లేచి కుర్చీలో కూర్చున్నాడంటే తెర, మౌసు, ప్రింటరు, అన్నీ ఆయన చెప్పినట్టే. తర్వాత కాపలావాణ్ణి ఎవరూ తలుచుకోరు."

"మన రాజధాని మాదిరి," అంది అక్క. "ముందు టెంటు, దానెనక షెడ్డు, ఎప్పటికో ఆఫీసు."

మామకు మాత్రం సందేహం తీరలేదు. "అంత పెద్దాయన నేరుగా లేవొచ్చు గదా. మధ్యన ఇంతమంది ఎందుకు?"

"ఆయన డిస్కు లోపల ఉంటాడు మామా. డిస్కు ఎట్ల తెరవాలో పూర్తిగా తెలిసింది ఆయనకే."

మామ ఒక గుటక తాగి ఆలోచించాడు. "తాళంచెవి లోపల పెట్టి ఇంటికి తాళమేసినట్టా?"

"అంతే. అప్పుడేం చేస్తాం? కిటికీలో దూరేంత పసివాణ్ణి లోపలికి దించుతాం. వాడు గడియ తీస్తే ఇంకొంచెం పెద్దవాడు దూరతాడు. వాడు తలుపు తీస్తే అప్పుడు ఇంటి పెద్ద."

"మరి ఇప్పుడు ఎవురు లేవలా?" అంది అక్క.

అక్కడ దొరికిపోయాను. కాపలావాడు లేచాడు. గడప దాకా పోయాడు. పలక చదివాడు. ఇక్కడెవరూ లేరని ఉంది. నిన్నటిదాకా ఉన్న పెద్దాయన ఏమైపోయాడు? మళ్ళీ స్విచ్ నొక్కాను, మళ్ళీ అదే తెల్లని వరస.

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"పోనీలే అల్లుడా. నీ తప్పేముంది. నేను ఇంటికి పోతా."

"పెద్దారవీడుకు పో మామా. ఫ్లెక్సీ లేకపోతే ఏం? పాప ఎదురుచూస్తుంటుంది."

"మాట అనేసినా. ఉత్త చేతులతో పోతే మా బావ నవ్వుతాడు. ఆయన నవ్వితే నేను మళ్ళా బస్సెక్కుతా. నా గుణం నాకు తెల్దా?" పట్టు గౌను సంచిని స్టూలు మీదే పెట్టాడు. "ఇది ఎవురి చేతనన్నా పంపీ. పామూరోడి ఒళ్ళో కూచున్నా, గౌనన్నా నాదై ఉంటాది."

అంతలో గంట మోగింది. వీధి వైపు నుంచి కాదు, నా బల్ల వెనక నుంచి.

మేక తాడు ఎప్పుడు కొరికిందో, మా కాళ్ళ మధ్య నుంచి ఎప్పుడు దూరిందో తెలియదు. బల్ల వెనక నిలబడి బంతిపూల దండను తీరిగ్గా తింటోంది. లోపలి గదిలోంచి వచ్చిన మా ఆవిడ దాన్ని చూసి వేసిన కేకకు టీకొట్టు పొయ్యి మీద పాలు పొంగాయని అక్క ఇప్పటికీ అంటుంది.

"నాయనా! శుక్రవారం దాకా ముట్టగూడని పూలు!"

మామ గంట పట్టుకుని ముందుకు లాగాడు. మేక దండను వదల్లేదు, దండతోపాటు పసుపుతాడునూ వదల్లేదు. నేను కొమ్ములు పట్టుకున్నాను. అక్క తోక పట్టుకుంది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. పెనుగులాటలో మేక కాలు తగిలి ప్లగ్గు ఊడిపోయింది, ఫ్యాన్ ఆగిపోయింది. పసుపుతాడు పట్టున తెగింది. తాడు చివర ఏదో నల్లగా వేలాడింది. మేక దాన్ని కూడా నోట్లో వేసుకుని పటపటలాడించింది.

ఏడవడానికి కూడా ఓపిక లేక, ఊడిన ప్లగ్గును అలవాటుకొద్దీ మళ్ళీ గుచ్చి స్విచ్ నొక్కాను.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లబడింది. ఒక క్షణం. ఇంకో క్షణం. తర్వాత రంగు వచ్చింది. పెద్దాయన లేచాడు! కిటికీలు వచ్చాయి, బొమ్మ తెరిస్తే పావురాలు, మామ మేక, నిమ్మకాయంత మామ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మేక ఇంకా నములుతోంది.

"అది నమిలేదేంది?" అన్నాను.

"నీ పెన్ డ్రైవే," అంది మా ఆవిడ. "ఒంటరిగా ఉండగూడదని డబ్బా వెనక బెజ్జంలో పెట్టి పసుపుతాడుతో కట్టినా. పూజలోనే ఉండాదని చెప్పలా?"

అప్పుడు వెలిగింది. గిద్దలూరు మెకానిక్ పెన్ డ్రైవ్‌తో సిస్టమ్ ఎక్కించినప్పుడు, ముందు పెన్ డ్రైవ్ గడప తట్టమని కాపలావాడికి చెప్పి, ఆ మాట మార్చకుండా పోయాడు. మామూలు రోజుల్లో ఆ గడపలో ఏమీ ఉండదు కాబట్టి కాపలావాడు నేరుగా డిస్కు గడపకు పోయేవాడు. ఇప్పుడు అక్కడ పెన్ డ్రైవ్ ఉంది. దానికీ ఒక పలక ఉంది, పలక కింద ముద్ర ఉంది. ముద్ర చూసి వాడు ఆగిపోయాడు. కాని ఆ ఇంట్లో పెద్దాయన లేడు, ఉన్నవి భక్తి పాటలు. వాడు అదే నిజాయితీగా తెర మీద చెప్పాడు. పక్క గడప తట్టి చూద్దామన్న తెలివి వాడికి లేదు. మొదటి గడప ఎట్లా చెబితే అట్లా.

"అంటే," అన్నాడు మామ నెమ్మదిగా, "మంద ముందర వేరే మేక దూరింది. మన మేక దాన్ని తోలేసింది."

మా ఆవిడ మేకను తేరిపార చూసింది. కోపం తగ్గి, మొహంలో భక్తి వచ్చింది. "పూజ పూలు తిన్నది నాయనా. దీన్ని ఇంక కొయ్యగూడదు."

"ఇది కోసే మేక కాదమ్మా," అన్నాడు మామ. "నడిపించే మేక."

ఇంకో చిక్కు మిగిలింది. బొమ్మను మిషన్ దగ్గరికి తీసుకుపోవాల్సింది పెన్ డ్రైవ్‌లోనే. మేక నోట్లోంచి లాగి చూస్తే దాని మూతి చప్పిడైపోయి ఏ బెజ్జంలోనూ దూరేటట్టు లేదు. వేరే దారి లేక డబ్బానే వైర్ల నుంచి విడిపించాం. మామ దాన్ని నీరసించిన గొర్రెపిల్లను మోసినట్టు మెడ మీద వేసుకున్నాడు. ముందు గంట వాయిస్తూ మేక, వెనక పసుపు కుంకుమలతో కంప్యూటర్, దాని వెనక నేను, నా వెనక చేతిలో గరిటెతో అక్క. దారిలో ఇద్దరు చెప్పులు విడిచి దండం పెట్టారు. ఒక పెద్దామె ఏ దేవుడమ్మా అని అడిగితే, "లేచే దేవుడు," అంది అక్క. నాతో సావాసం ఊరికే పోదు.

మిషన్ ఆయన డబ్బాకు తెర తగిలించి స్విచ్ నొక్కగానే మామ చెయ్యెత్తాడు.

"తొందరపడొద్దు. ఇప్పుడు కాపలావాడు ఒళ్ళు తడుముకుంటన్నాడు."

మిషన్ ఆయన నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"ఇప్పుడు గడప కాడికి పోయినాడు. సదువు నాయనా, పలక సదువు. ముద్ర సూసుకో." మామ నుదుటి మీద చెమట. "రెండోవాడు లేచినాడు. లేపు, పెద్దాయన్ను లేపు."

రంగు వచ్చింది. అక్క గరిటె పైకెత్తింది.

పండగకు పేరుకున్న పనుల్లో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఫ్లెక్సీ తడి ఆరకముందే చుట్టి ఆటోలో వేసుకున్నాం. నేనూ పోయాను, మేక పక్కన కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా. మేం పెద్దారవీడులో దిగేసరికి పొద్దు నల్లమల కొండల మీదికి వాలింది. మామ ఎవరినీ పలకరించకుండా రెండు గుంజలు తెచ్చి, గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టి, దాని పక్కనే రోడ్డు మీద నిలబడ్డాడు. గడప తొక్కలేదు.

బావగారు బయటికి వచ్చి ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూశాడు. తన మొహం పాప పక్కనే గుమ్మడికాయంత ఉంది.

"నీ బొమ్మ యాడ బావా?"

"ఎతుక్కో."

ఆయన నిజంగానే వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఈలోపు చెల్లెలు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆమెకు వెతికే పని లేకపోయింది. నేరుగా కింది మూలకు పోయి, నిమ్మకాయంత మొహం మీద వేలు పెట్టింది.

"ఇంత చిన్నగా ఏందన్నా?"

"ముందర మేక ఉండాది గదమ్మా. దాని ఎనకాల నడిచొచ్చినా."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "మేక మొహమే బాగుండాదిలే నీ మొహం కంటే. రా లోపలికి, సూది కాల్చి పెట్టినారు," అంది.

లోపల పీట మీద పామూరు తమ్ముడు అప్పటికే పంచె సర్దుకుని, ఒడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"లేయ్ తమ్ముడా," అంది ఆమె.

లేచాడు. మామ కూర్చున్నాడు. పట్టు గౌనులో పాప ఒళ్ళోకి వచ్చింది. సూది చూడగానే ఆ పిల్ల రెండు చేతులతో మామ మీసాలు పట్టుకుంది. ఒక చెవి అయ్యేసరికి పిల్ల ఏడ్చింది, రెండోది అయ్యేసరికి మామ ఏడ్చాడు. మీసాలు లాగినందుకే అని నాతో అన్నాడు. నేను సగం తీసేసి, మిగిలినదాన్ని సగం చేసుకున్నాను.

మేం బయటికి వచ్చేసరికి మేక ఫ్లెక్సీ కింది అంచు నమిలేసి ఉంది. అక్కడ ఉండాల్సింది మా దుకాణం పేరు.

అందుకే దీనికి సాక్ష్యమంటూ నా దగ్గర మిగిలింది ఆ చప్పిడి పెన్ డ్రైవ్ ఒక్కటే. బల్ల సొరుగులో ఉంది, పంటి గాట్లు బాగా కనబడతాయి. మేక కొరికిందని చూపిస్తే అందరూ నవ్వుతారు. పులి కొరికిందంటే మాత్రం, ఏ బస్సులో అని అడుగుతారు.